నొప్పికి పది చింతగింజలు

మదనపల్లెలో నేను పనిచేసిన ఆసుపత్రిలో రికార్డుల గదికి ఒకటే కిటికీ. అందులోంచి చూస్తే ఆపరేషన్ వార్డు వసారా, వసారాలో ఆరేసిన పచ్చ గుడ్డలు, వాటి వెనక రోడ్డు కనిపించేవి. పుంగనూరు మీదుగా కుప్పం పోయే బస్సు పగటిపూట రెండుసార్లు ఆ రోడ్డు మీదుగా పోయేది. నేను స్టాటిస్టిక్స్‌లో డిగ్రీ చదివి అక్కడ ఉద్యోగానికి చేరినవాణ్ణి. చేరిన రోజు ఆ గదిలో కూర్చుని రాసుకున్న మొదటి పట్టిక ఆ బస్సు టైములది. దాన్ని ఎక్కే పని నాకు లేదు. అది పోయే దారి చివర, రామకుప్పం దాటి ఇంకా లోపలికి, మా అక్క ఉండేది. అందుకని రాసుకున్నాను.

అమ్మ పోయేనాటికి నాకు ఆరేళ్లు, అక్కకు పద్నాలుగు. అరవైల మధ్యలో, పుంగనూరులో. నాన్న పొద్దున చెనక్కాయల మిల్లుకు పోతే మాపటికి వచ్చేవాడు. నాకు తల దువ్వింది, సంగటి ముద్ద చేసి పెట్టింది, ఎక్కాలు అప్పజెప్పించుకున్నది అన్నీ అక్కే. ఐదో తరగతితో బడి మానేసింది కాబట్టి పన్నెండో ఎక్కం దాటాక నేను చెప్పేది తప్పో ఒప్పో ఆమెకు తెలిసేది కాదు. అయినా పట్టుకునేది. "మళ్లీ సెప్పురా. ఆడ గుటక మింగినావు" అనేది. మళ్లీ చెబితే నిజంగానే తప్పు బయటపడేది.

ఒకరోజు సంగటి కెలుకుతుంటే ఎసరు పొంగి ఆమె ఎడమచేతి మీద పడింది. మణికట్టు నుంచి మోచేతి దాకా తోలు లేచిపోయింది. నేను ఏడ్చాను, ఆమె ఏడవలేదు. "నొస్తాందా అక్కా?" అంటే, "లేదురా, ఏం లేదు. నువ్వు తిను" అంది. నేను తిన్నాను.

నేను పదో తరగతిలో ఉండగా ఆమెకు పెళ్లయింది. బావ రాళ్ల పని మీద బెంగళూరు పోయి రెండు నెలలకోసారి వచ్చేవాడు. అక్క, వాళ్ల అత్త, రెండెకరాల రాగి చేను. చేను కోతకొచ్చే కాలంలో అడవి నుంచి ఏనుగులు. నెలకొక ఉత్తరం రాసేది, పెద్ద పెద్ద అక్షరాలతో. "ఈడ మేమందరమూ బాగుండాము. నువ్వు బాగా తిను." అన్నీ తేదీల వారీగా పెట్టుకున్నాను. అన్నింటిలోనూ అవే రెండు వాక్యాలు. ఎప్పుడు చూసినా ఒకే అంకె వచ్చే కొలతలో సమాచారం ఏమీ ఉండదని మాకు కాలేజీలో చెప్పారు. అది తెలిసి కూడా ప్రతి ఉత్తరాన్నీ రెండుసార్లు చదివేవాణ్ణి, ఎక్కడైనా గుటక మింగిందేమోనని.

ఎనభైల మొదట్లో ఒకనాడు మత్తు డాక్టరమ్మ నన్ను పిలిపించింది. ఆపరేషన్లకు మత్తు ఇచ్చే డాక్టరు ఆమె. కోస్తా నుంచి వచ్చిన మనిషి, యాభై దాటిన వయసు, మాట తక్కువ. బల్ల మీద ఒక కాగితాల కట్ట పెట్టింది. బెంగళూరులో ఏదో లైబ్రరీ నుంచి తెప్పించుకున్న వైద్య పత్రికల ఫొటోకాపీలు.

"నీకు వైద్యం తెలియదు, అది నాకు తెలుసు. లెక్క తెలుసు కదా. ఇవి చదివి, ఎవరి మాట ఎంతవరకు నమ్మొచ్చో చెప్పు."

విషయం ఆమే విడమరిచి చెప్పింది. పెద్ద ఆపరేషన్లకు ఆమె వెన్నుపూసల మధ్య నుంచి, వెన్నుపాము పొర బయట ఉండే సందులోకి దారం లాంటి గొట్టం ఒకటి దూర్చేది. దాంట్లోంచి తిమ్మిరి మందు పోస్తే నడుం చుట్టూ స్పర్శ పోతుంది. ఆపరేషన్ అయ్యాక ఆ తిమ్మిరి దిగిపోతుంది, నొప్పి మొదలవుతుంది. అప్పుడు అదే గొట్టంలో చాలా కొద్దిగా మార్ఫిన్ పోస్తే రోజులో చాలా భాగం నొప్పి లేకుండా ఉంటుందని ఈ కొత్త వ్యాసాలు చెబుతున్నాయి. కాళ్లు చచ్చుబడవు, మనిషి లేచి కూర్చోగలడు. కానీ ఒక భయం ఉంది. మందు మెల్లగా పైకి పాకి, ఎన్నో గంటల తర్వాత ఊపిరిని మందగింపజేయవచ్చు. దగ్గర కూర్చుని ఊపిరులు లెక్కపెట్టే మనిషి కావాలి. మా వార్డులో ఒక్క నర్సుకు ఇరవై రెండు మంచాలు.

నేను ఆ కట్టను మూడు వారాలు చదివాను. పక్కన వైద్య నిఘంటువు, స్కేలు, రెండు రంగుల పెన్సిళ్లు. ప్రతి వ్యాసానికీ ఒక వరుస, ప్రతి ప్రశ్నకూ ఒక గడి. మందు ఇచ్చినవాళ్లను ఎవరితో పోల్చారు, లేక ఎవరితోనూ పోల్చలేదా. ఎవరికి ఏ మందు అన్నది చీటీ తీసి నిర్ణయించారా, డాక్టరు ఇష్టానికి వదిలారా. నొప్పి ఎంతని అడిగిన మనిషికి ఆ రోగి ఏ మందు మీద ఉన్నాడో తెలుసా. ఎంతసేపు గమనించారు. నాలుగు గంటలు చూసి ఊపిరికి ఏ ఇబ్బందీ లేదని రాసినవాడి మాటకు విలువ లేదు, ఇబ్బంది ఆ తర్వాత గదా వచ్చేది. కాలు ఆపరేషనా, కడుపు ఆపరేషనా. వాడిన మార్ఫిన్‌లో నిల్వ కోసం కలిపే రసాయనాలు ఉన్నాయా. మధ్యలో తప్పుకున్నవాళ్లు ఏమయ్యారు. చాలా గడులు ఖాళీగా మిగిలాయి. మందు ఇచ్చినాయనే మంచం దగ్గరికి పోయి "ఇప్పుడు హాయిగా ఉందా?" అని అడిగినట్టు తోచిన వ్యాసాలకు ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టాను.

డాక్టరమ్మ పట్టికను మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా వేలు పెట్టి చదివింది. "నువ్వు మనుషుల్ని నమ్మవేమయ్యా?" అంది చివరికి.

"అడిగే పద్ధతిని నమ్మనమ్మా."

"సరే. అయితే మనమే అడుగుదాం, నీ పద్ధతిలో."

ఆ వ్యాసాల్లో నొప్పిని కొలవడానికి కాగితం మీద ఒక గీత గీసి, ఈ చివర నొప్పి లేదు, ఆ చివర భరించలేనంత నొప్పి, మీది ఎక్కడుందో గుర్తు పెట్టండి అనేవారు. నేను ఆ గీతను మొదట రామసముద్రం నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఇది ఎవురి గట్టప్పా?"

"గట్టు కాదు తాతా, నొప్పి."

"నొప్పి నా కడుపులో ఉండాది. దీంట్లో యాల ఉంటాది?"

అందుకని గీత మానేసి చింతగింజలు తెచ్చాను. పది గింజలు, ఒక సత్తు పళ్లెం. నొప్పి అసలు లేకపోతే పళ్లెం ఖాళీ, ఇంతకంటే నొప్పి ఉండదనుకుంటే పదీ పెట్టాలి. ఇది ఎవరికైనా ఒక్క మాటలో అర్థమయ్యేది. పెద్దాయన వెంటనే ఎనిమిది పెట్టాడు. నాకు ఎంత సంతోషమైందంటే, ఆయన నొప్పి గురించి ఆలోచించనే లేదు.

పద్ధతి పకడ్బందీగా పెట్టుకున్నాం. పేషెంటు ఒప్పుకుంటేనే. సగం మందికి గొట్టంలో మార్ఫిన్, సగం మందికి ఉప్పునీళ్లు. చీటీ తీసేది డాక్టరమ్మ, సిరంజి నింపేది ఆమే, నాకు గానీ వార్డు నర్సుకు గానీ ఏది ఏదో తెలియదు. ఎవరినీ నొప్పితో వదిలెయ్యకూడదు కాబట్టి, ఐదు గింజలు దాటితే నర్సు వెంటనే మామూలు నొప్పి సూది చేతికి వేసేయాలి. ఊపిరి లెక్కకు డాక్టరమ్మ ఇద్దరు నర్సింగ్ విద్యార్థినులను పెట్టింది. నేను రోజూ పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం పళ్లెం పట్టుకుని మంచం మంచానికీ తిరిగేవాణ్ణి. వార్డు ఆయా నాకు లెక్కలప్ప అని పేరు పెట్టింది. నలభై ఏళ్ల సాయిబుల ఆడమనిషి, నోరు గట్టిది. నేను వస్తుంటే వసారా నుంచే కేకేసేది. "లెగండి లెగండి, లెక్కలప్ప వస్తాండాడు, గింజలకు!"

నాలుగు నెలలు అయ్యాక చీటీలు విప్పాం. రెండు వైపులా ఒకటే. రెండు, మూడు, రెండు, ఒకటి, మూడు. మార్ఫిన్ పడినవాళ్లకూ అంతే, ఉప్పునీళ్లు పడినవాళ్లకూ అంతే. మొదటి వారంలో మాత్రం కొన్ని పెద్ద అంకెలు ఉన్నాయి. అప్పటికి పని ఇంకా కుదురుకోలేదని వాటిని పక్కన పెట్టాను. ఒక నోటు రాశాను, చక్కటి చేతిరాతతో: మన పేషెంట్లలో తేడా కనిపించలేదు, ఊపిరి ప్రమాదం ఉండనే ఉంది, కాబట్టి ఈ మందు మన వార్డుకు సిఫార్సు చేయలేము.

డాక్టరమ్మ నోటు చదివి కళ్లజోడు తీసింది. "నేను వేరే అనుకున్నానయ్యా. వాళ్ల మొహాలు చూస్తే వేరేలా అనిపించింది."

"మొహాలు కొలతకు రావమ్మా" అన్నాను.

ఆమె నోటు మీద సంతకం పెట్టింది. ఆ రోజు నుంచి ఆపరేషన్ సమయానికి తిమ్మిరి మందు కోసం గొట్టం వాడేవారు కానీ తర్వాత మార్ఫిన్ పోయడం ఆగిపోయింది.

కార్తీకంలో అక్క వచ్చింది. ఉత్తరంలో రాయలేదు. బావ బెంగళూరు నుంచి వచ్చి, కుప్పంలో చూపించి, పిత్తాశయంలో రాళ్లున్నాయి, కోయాలి అన్నాక నేరుగా మదనపల్లె బస్సెక్కించుకొచ్చాడు. ఏడాదిన్నర నుంచి అన్నం తింటే కుడిపక్క డొక్కలో పట్టేస్తోందట. ఆ ఏడాదిన్నరలో వచ్చిన ఉత్తరాలన్నీ నా పెట్టెలో ఉన్నాయి. అందరమూ బాగుండాము.

సిగ్గుగా ఉన్నా చెబుతున్నాను, నాకు సంతోషం కూడా వేసింది. పెళ్లయ్యాక అక్క నాతో వరసగా రెండు రోజులు ఉన్నది లేదు. ఇప్పుడు పది రోజులు నా కిటికీకి ఎదురుగా ఉంటుంది. ఆపరేషన్ అయిన సాయంత్రం బావ ఆమెను కళ్లారా చూసుకుని, పని పోతుందని మళ్లీ బెంగళూరు పోయాడు. ఆమెకు తోడు ఇక నేనే.

మర్నాడు పొద్దున పళ్లెం తీసుకుని పోయాను. మందు ఆగిపోయినా గింజల లెక్క రాయడం అలవాటుగా సాగుతూనే ఉండింది. అక్క వెల్లకిలా పడుకుని ఉంది. కుడి పక్కటెముకల కింద జానెడు కట్టు. వెన్నులోంచి వచ్చిన గొట్టం భుజం మీద పట్టీ వేసి అతికించి ఉంది, చివర మూత పెట్టి.

"ఎట్లుండావక్కా?"

"బాగుండాను."

"నొప్పి ఎంతుందో దీంట్లో పెట్టు. పదికి ఎన్ని?"

ఆమె మెల్లగా చెయ్యి చాపి రెండు గింజలు పెట్టింది. నేను పుస్తకంలో రెండు అని రాశాను. రాస్తూ ఆమె రెండో చేతిని చూశాను. అది మంచం ఇనుప చట్రాన్ని పట్టుకుని ఉంది, వేళ్ల కణుపులు తెల్లబడేలా. ఊపిరి మెడ దగ్గరే ఆగి తిరిగి పోతోంది. పక్క మంచం మనిషి ఏదో అంటే నవ్వబోయి, నవ్వు మధ్యలో కళ్లు మూసుకుంది.

రెండు అన్న అంకె మీద సిరా ఇంకా ఆరలేదు. నేను వసారాలోకి వచ్చి నిలబడ్డాను. ఆయా గుడ్డలు పిండుతోంది.

"ఏం లెక్కలప్పా, అక్క ఎన్ని పెట్టింది?"

"రెండు."

"శభాష్! సెప్పినట్టే పెట్టింది."

"ఎవరు చెప్పినట్టు?"

"నేను సెప్పినట్టు. యాల, తప్పా?" గుడ్డ దులిపి దండెం మీద వేసింది. "గింజలు ఎక్కువైతే సూది కదప్పా. వార్డంతా ఎరుకే. మొదట్లో ఆ రామసముద్రం ముసలాయన ఎనిమిది పెట్టినాడా, నువ్వు అట్ల తిరిగినావో లేదో సిస్టరమ్మ సూది పట్టుకుని వచ్చె. పక్కాయన మూడు పెట్టె, ఆయనకు సూదీ లేదు గీదీ లేదు. ఇంక ఎవురు పెడతారు ఎనిమిది? సూదులు ఎక్కువ పడితే ఎక్కువ రోజులు ఈడే పెట్టుకుంటారని గూడా అంటాండారు. అందుకే కొత్తగా వచ్చినోళ్లకు నేనే సెప్తా. రెండో మూడో పెట్టండి. మరీ సున్నా పెట్టొద్దండి, లెక్కలప్ప మొగం సిన్నబుచ్చుకుంటాడు అని."

"ఎన్నాళ్ల నుంచి?"

"హౌ, మొదటి వారం నుంచే. వాళ్ల మంచికే గదప్పా."

ఆమె మీద నాకు కోపం రాలేదు. కోపం రావడానికి కూడా చోటు లేదు. వ్యాసాలు రాసిన డాక్టర్లను ఎర్ర పెన్సిలుతో తప్పు పట్టినవాణ్ణి. అడిగేవాడికి ఏది తెలుసో వంద రకాలుగా ఆలోచించాను. చెప్పేవాళ్లు ఏం తెలుసుకుని చెబుతున్నారన్నది ఒక్కసారి కూడా ఆలోచించలేదు. పెద్ద అంకెలు మొదటి వారంతో ఆగిపోయినప్పుడైనా అడగాల్సింది. నా నాలుగు నెలల పట్టికలో ఉన్నది నొప్పి కాదు, సూదంటే భయం. ఆ పట్టిక ఆధారంగా ఆపేసిన మందు ఇప్పుడు మా అక్కకు అందలేదు.

లోపలికి పోయి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

"అక్కా, ఆ పరీక్ష అయిపోయింది, ఇప్పుడు గింజలకూ సూదికీ సంబంధం లేదు. గింజలకూ ఇంటికి పంపడానికీ సంబంధం లేదు. నామీద ఒట్టు."

ఆమె నావైపు చూసింది.

"సేను కోతకొచ్చిందిరా" అంది. "అత్త ఒకతే ఉండాది. ఏనుగులు దిగినాయంట మొన్న పక్క పల్లెలో. రెండు పెడితే తొందరగా పంపుతారని..."

"ఎన్ని పెట్టినా అదే రోజు పంపుతారు. ఇప్పుడు పెట్టు."

చట్రం మీద నుంచి చెయ్యి తీసి ఒక్కొక్క గింజే పళ్లెంలో వేయడం మొదలుపెట్టింది. మూడు, నాలుగు. ప్రతి గింజకూ కాస్త ఆగింది, నిజంగా తూచినట్టు. పది అయిపోయాయి. ఆమె చెయ్యి నా జేబు వైపు వచ్చింది.

"ఇంకా ఉండాయా?" అంది.

డాక్టరమ్మ ఆపరేషన్ థియేటరు బయట చేతులు కడుక్కుంటోంది. నేను జరిగింది వరసగా చెప్పాను: గింజ, సూది, ఆయా, అక్క. ఆమె మధ్యలో ఆపలేదు. చేతులు తుడుచుకుంటూ ఒక్క ప్రశ్న అడిగింది.

"నాలుగు నెలల్లో ఎవరినైనా ఒక్కసారి దగ్గమన్నావా?"

"లేదమ్మా."

"లేచి కూర్చోమన్నావా?"

"లేదు. పడుకున్నప్పుడే అడిగాను."

"కడుపు కోసినవాడు కదలకుండా పడుకుంటే నీకేం తెలుస్తుందయ్యా? తప్పు నీ ఒక్కడిదే కాదులే. నేనూ సంతకం పెట్టాను కదా, మొహాలు చూసి కూడా." తాళం తీసి బీరువాలోంచి మందు బయటికి తెచ్చింది. "గొట్టం ఇంకా ఉంది. ఇప్పుడు ఇస్తాను. పక్కన కూర్చుని ఊపిరులు లెక్కపెట్టు. పావుగంటకోసారి, నిండు నిమిషం. పది కంటే తగ్గితే పరిగెత్తుకు రా. సాయంత్రం విద్యార్థినులు వచ్చేదాకా నువ్వు లేవకూడదు."

ఆ పగలంతా నేను లేవలేదు. పదిన్నరకు మందు పడింది. పదిన్నరకు ఊపిరులు ఇరవై ఎనిమిది, అన్నీ పైపైనే. పావు తక్కువ పదకొండుకు ఇరవై ఏడు. పదకొండుకు ఇరవై నాలుగు. పదకొండుంపావుకు ఆమె చట్రం వదిలేసింది. వేళ్లు ఒక్కొక్కటే విడిపోయాయి, నిద్రలో పిల్లల వేళ్లు విడిపోయినట్టు. పదకొండున్నరకు పద్దెనిమిది. ఊపిరి మెడ దగ్గర ఆగకుండా కిందికి దిగి, కట్టు పైకి లేచింది.

"ఎట్లుందక్కా?"

"ఉండాది" అంది కళ్లు మూసుకునే. "యాడో దూరంగా ఉండాది. పక్క ఊర్లో మాదిరి."

కాసేపటికి ముక్కు గోక్కోవడం మొదలుపెట్టింది. ఆ మందుకు దురద వస్తుందని వ్యాసాల్లో చదివాను, దాన్నీ రాసుకున్నాను. "ముక్కు ఒకటే దురదరా. ఎవురో తలుసుకుంటాండారు" అంది. "నేనే" అన్నాను. "నువ్వు ఎదురుగా ఉండావు గదరా, నువ్వు తలుసుకుంటే లెక్కకు రాదు" అంది. నవ్వింది. ఈసారి నవ్వు మధ్యలో ఆగలేదు.

మధ్యాహ్నం నిద్రపోయింది. నేను గడియారం ఒక చేత్తో, పెన్సిలు ఒక చేత్తో పట్టుకుని ఆమె పొట్ట మీది దుప్పటి ఎత్తు చూస్తూ కూర్చున్నాను. పదహారు. పదహారు. పదిహేను. కిటికీ బయట కుప్పం బస్సు పోయింది, రెండో ట్రిప్పు. చిన్నప్పుడు నేను జ్వరంతో పడుకుంటే ఆమె ఇట్లాగే కూర్చునేది, గడియారం లేకుండా. ఎడమచెయ్యి దుప్పటి మీద ఉంది. మణికట్టు నుంచి మోచేతి దాకా పాత మచ్చ, నునుపుగా, మెరుస్తూ.

లేచాక డాక్టరమ్మ వచ్చి దగ్గమంది. అక్క చేత్తో కట్టు అదిమి పట్టుకుని దగ్గింది. డాక్టరమ్మ నా వైపు చూసింది.

ఆమె పోయాక నేను పళ్లెం ఎత్తాను. "అక్కా, ఈ చెయ్యి కాలిన దినం. దానికి ఎన్ని?"

ఆమె మచ్చ చూసుకుంది. పళ్లెంలో పది గింజలూ పొద్దున పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"వాటిని అట్లే ఉండనీ" అంది. "ఇంక తియ్యొద్దు."

"మరి నాకు ఏం లేదన్నావు?"

"నువ్వు తినాల గదరా."

పాత నోటును నేను చింపేద్దామనుకున్నాను. డాక్టరమ్మ చింపనివ్వలేదు. రెండోది రాసి, రెండూ కలిపి గుండుసూదితో గుచ్చమంది. రెండోసారి గింజలు వాడలేదు. లేచి కూర్చోగలరా, దగ్గగలరా అని చూశాం. ఇంకొకటి ఆయా చెప్పింది, పొలంలో ఎద్దును అదిలించినట్టు ఒక కేక పెట్టమనండి అని. పై కడుపు కోసినవాడు నొప్పి ఉంటే కేక పెట్టలేడు, ఎంత మర్యాదస్థుడైనా. డాక్టరమ్మ మొదట నవ్వింది, తర్వాత గడి ఒకటి గియ్యమంది. కొన్ని నెలలు ఆ వార్డులో పొద్దునపూట ఎద్దుల్ని అదిలించే కేకలు వినిపించాయి. ఎవరికి ఏ మందు పడిందో చీటీలు విప్పకముందే మాకు చాలావరకు తెలిసిపోయేది. నిజానికి అది కూడా పద్ధతిలో లోపమే, దాన్నీ నోటులో రాశాను. ఇంత చిన్న వార్డుతో గట్టిగా ఏదీ తేలదని కూడా రాశాను. ఊపిరి లెక్కపెట్టే మనిషి ఉన్న రోజుల్లోనే మందు ఇవ్వాలని రాశాను. డాక్టరమ్మ సంతకం పెట్టే ముందు ఈసారి వార్డంతా ఒకసారి తిరిగి వచ్చింది.

ఇదంతా తర్వాతి సంగతి. అక్కకు కుట్లు తీసింది పదో రోజు. ఆమెను తీసుకెళ్లడానికి బావ పలమనేరు దాకా వచ్చి బస్సులో కలుస్తానన్నాడు. మదనపల్లె బస్టాండులో నేను కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టాను. జాగ్రత్తలన్నీ కాగితం మీద అంకెలు వేసి రాసిచ్చాను: బరువెత్తకూడనివి, తినకూడనివి, మళ్లీ రావాల్సిన తేదీ. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగులో ముడి వేసుకుంది.

"రాత్రిపూట సేను కావలికి నువ్వు పోవద్దు" అన్నాను.

"నేను పోకపోతే ఎవురు పోతారురా?"

డ్రైవరు ఇంకా టీ తాగుతున్నాడు. జేబులో చెయ్యి పెడితే గింజలు తగిలాయి. కిటికీ చువ్వల్లోంచి ఆమె అరచేతిలో పోశాను. ఎందుకు అడగబోతున్నానో నాకు తెలుసు. మళ్లీ ఎన్నేళ్లకో గానీ ఆమె ఇంత దగ్గరగా ఉండదు, ఉత్తరంలో ఆమె ఎప్పటికీ రాయదు.

"కడుపు నొప్పి సంగతి కాదక్కా. ఆడ, ఆ ఊర్లో. బావ లేకుండా, ఆ సేనూ, అత్తా. దానికి ఎన్ని?"

ఆమె గింజల వైపు చూసింది. బొటనవేలితో వాటిని అటు కొన్ని, ఇటు కొన్ని జరిపింది, లెక్క మొదలుపెట్టినట్టే. తర్వాత అన్నింటినీ కలిపేసి పిడికిలి మూసింది.

"దానికి మందు ఉండాదా నీ కాడ?"

"లేదు."

"మరి యాల అడుగుతావు నాయనా?"

కోపంగా అనలేదు. నా తల మీద చెయ్యి పెట్టబోయింది, చువ్వలు అడ్డం వచ్చి చెవి దగ్గర తాకింది. బస్సు కదిలింది. పుంగనూరు రోడ్డు మలుపు తిరిగేదాకా ఆ కిటికీలో ఆమె పిడికిలి కనిపించింది, మూసే ఉంది.

వారానికి ఉత్తరం వచ్చింది. "ఈడ మేమందరమూ బాగుండాము. నువ్వు బాగా తిను." కింద, ఎప్పుడూ లేని మూడో వాక్యం ఒకటి ఉంది. "గింజలు దాచిపెట్టినాను, నువ్వు వస్తే సెప్తాను."

తేదీ వేసి కట్టలో పెట్టాను. రికార్డుల గది గోడకు ఉన్న పాత బస్సు టైముల పట్టిక తీసి చూశాను. పుంగనూరు, పలమనేరు, వి.కోట, కుప్పం. టైములు అప్పటికి మారిపోయాయి. మధ్యాహ్నం బస్టాండుకు పోయి కొత్తవి రాసుకొచ్చాను.